ఉద్యోగం మానకుండా కౌన్సెలింగ్, హెచ్ఆర్ చదువు: విశాఖ వాళ్లకు దారీతెన్నూ

కోర్సుల జాబితా తెరవకముందే ఐదు ఉద్యోగ ప్రకటనలు దగ్గర పెట్టుకోండి. మీరు రేపు కూర్చోవాలనుకుంటున్న కుర్చీకి వచ్చినవే ఉండాలి. స్కూలు కౌన్సెలర్, ఆస్పత్రిలో కౌన్సెలర్, అచ్యుతాపురం సెజ్‌లో హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్, ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్, ఏదైనా సరే. జీతం సంగతి తర్వాత చూడొచ్చు. అర్హతల దగ్గర ఏ డిగ్రీ పేరుంది, ‘రెగ్యులర్’ అన్న మాట ఉందా లేదా, ఏదైనా కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అడిగారా, ఈ మూడింటి కిందా గీత గీయండి. ఐదింట నాలుగింట్లో కనిపించిన డిగ్రీయే మీరు చదవాల్సింది. ఈ గంట పని బద్ధకించి, రెండేళ్లు కష్టపడి చదివి, తీరా దరఖాస్తు నింపే రోజున ఆగిపోయేవాళ్లు బోలెడుమంది.

గీతలు గీశాక తేడా మీకే తెలుస్తుంది. హెచ్ఆర్ వాళ్లు ఎంబీఏ హెచ్ఆర్, ఎంహెచ్ఆర్ఎం (మానవ వనరుల నిర్వహణలో పీజీ), ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అడుగుతారు. కౌన్సెలర్ పోస్టులకు ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ అనో, ఎంఎస్‌డబ్ల్యూ అనో ఉంటుంది. ఎంఎస్‌డబ్ల్యూ రెండు వైపులా పనికొస్తుందన్నది గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం. ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని ఉంటే అది వేరే లోకం. దానికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన చదువు చదివి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా ఆ పని చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు పడొచ్చు. మూడు నెలల సర్టిఫికెట్ చూపించి బోర్డు కట్టుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

కౌన్సెలింగ్‌కు దూరవిద్య తలుపు ఎంతవరకు తెరిచుంది

పాత సమాచారం పట్టుకుని ఎక్కువమంది దెబ్బతింటున్నది ఇక్కడే. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నోలో ఎంఏ సైకాలజీ ఏళ్ల తరబడి ఉద్యోగస్తులకు కల్పతరువులా ఉండేది. ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు, రెండో ఏడాదిలో క్లినికల్, కౌన్సెలింగ్, పారిశ్రామిక సైకాలజీల్లో ఒకటి ఎంచుకోవచ్చు. కౌన్సెలింగూ హెచ్ఆరూ ఒకే చెట్టు కొమ్మలని అక్కడే తెలిసేది. అయితే 2025 జూలై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీలో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు కొత్తగా ఎవరినీ చేర్చుకోవద్దని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టంలో సైకాలజిస్టులు, కౌన్సెలర్లు కూడా ఉన్నారు. మనిషి ఎదురుగా కూర్చుని నేర్చుకోవాల్సిన పనిని పోస్టులో నేర్పడం కుదరదన్నది దాని వెనక ఆలోచన. చాలామందికి ఇబ్బందే అయినా ఆలోచనలో న్యాయం ఉంది.

కాబట్టి ఇప్పుడు ఎవరైనా ‘ఆన్‌లైన్‌లో ఎంఏ సైకాలజీ, సీట్లు కొన్నే ఉన్నాయి’ అని ఫోన్ చేస్తే ఒకే ప్రశ్న వేయండి: ఈ సెషన్‌కు యూజీసీ దూరవిద్య బ్యూరో జాబితాలో ఈ కోర్సు పేరు ఎక్కడుంది? విశ్వవిద్యాలయం పేరుంటే చాలదు. ఆ కోర్సు, ఆ సెషన్, రెండూ కనిపించాలి. అవతలివాళ్లు ‘మాకు ఐఎస్‌ఓ నాణ్యతా సర్టిఫికెట్ ఉంది’ అన్నారంటే ఫోన్ పెట్టేయొచ్చు.

మరి విశాఖలో మిగిలిన దారులేమిటి? మొదటిది ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ)లో రెగ్యులర్‌గా చదవడం. అక్కడి విభాగం పేరు సైకాలజీ, పారాసైకాలజీ. 1967లో కోనేరు రామకృష్ణారావు గారి చేతుల మీదుగా మొదలైంది. పేరు చూసి దయ్యాల చదువనుకోకండి, పాఠాలు మామూలు సైకాలజీవే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీటు ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా వస్తుంది. పగటి తరగతులు, హాజరు లెక్క ఉంటాయి కాబట్టి జనరల్ షిఫ్టులో ఉన్నవాళ్లకు సెలవు పెట్టకుండా కుదరదు. గీతంలోనూ సైకాలజీలో పీజీ ఉంది, ఫీజు మాత్రం ప్రైవేటు లెక్కలోనే ఉంటుంది.

రెండో దారి ఎంఎస్‌డబ్ల్యూ. ఏయూలో రెగ్యులర్‌గా ఉంది. ఇగ్నోలో కౌన్సెలింగ్ ప్రత్యేకాంశంగా ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. సోషల్ వర్కర్లు కూడా ఆ 2021 చట్టం పరిధిలోని వాళ్లే కనుక, చేరే సెషన్ జాబితాలో కోర్సు పేరు కళ్లారా చూశాకే ఫీజు కట్టండి. దూరవిద్యే అయినా ఇందులో ఫీల్డ్ వర్క్ తప్పదు. ఏదో ఒక సంస్థలో, సూపర్‌వైజర్ కింద, రోజుల లెక్కన పని చెయ్యాలి. చేరేముందే మీ వారపు సెలవు రోజున ఆ సంస్థ తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. ఆదివారం సెలవున్న ఉద్యోగికి ఆదివారం మూసేసే సంస్థలో ఫీల్డ్ వర్క్ పడితే ఆ కోర్సు అక్కడే ఆగుతుంది.

ఇంత కష్టపడితే ఉద్యోగాలున్నాయా అంటే, ఉన్నాయి, పెరిగే సూచనలూ ఉన్నాయి. విశాఖలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. కోచింగ్ సెంటర్లకూ ఇది వర్తిస్తుంది. ఆ మాటల్లో సోషల్ వర్కర్ ఉండటం ఎంఎస్‌డబ్ల్యూ చదివేవాళ్లకు బలం.

హెచ్ఆర్ వైపు వెళ్లేవాళ్లకు

ఇక్కడ దూరవిద్య తలుపు బాగానే తెరిచుంది. ఇగ్నోకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎంబీఏలో హెచ్ఆర్ ఎంచుకోవచ్చు, ప్రవేశ పరీక్ష లేదు, డిగ్రీలో జనరల్ వాళ్లకు 50 శాతం, రిజర్వుడు వాళ్లకు 45 శాతం ఉంటే చాలు. అంత పెద్దది వద్దనుకుంటే హెచ్ఆర్‌లో పీజీ డిప్లొమా ఉంది. ఏయూ దూరవిద్యా కేంద్రం 1972 నుంచీ నడుస్తోంది, మీరు చేరే ఏటి యూజీసీ జాబితాలో హెచ్ఆర్ కోర్సు ఏదుందో చూడండి. ఇగ్నో పీజీ పరీక్షలు తెలుగులో రాయడానికి లేదు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు మొదటి మూడు నెలలూ ఇంగ్లిషు రాత మీదే పెట్టాలి.

గంటల లెక్క ముందే వేసుకోండి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. ఎంబీఏ 116 క్రెడిట్లు, అంటే 3,480 గంటలు. రెండేళ్లలో ముగించాలంటే వారానికి ముప్పైమూడు గంటల పైమాటే. నాలుగేళ్లకు పంచితే పదిహేడు లోపు. మొదటిది ఉద్యోగంతో పాటు కుదిరే లెక్క కాదు. పట్టుదలకు పోయి ఒక్క విడతలో అన్ని పరీక్షలూ రాసి సగం పోగొట్టుకోవడం కంటే, జూన్‌లో నాలుగు, డిసెంబర్‌లో నాలుగు రాసుకుంటూ పోవడం మేలు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు రోజువారీ టైంటేబుల్ వేసుకుంటే మూడో రోజుకే చెదిరిపోతుంది. వారాల లెక్కన వేసుకోండి. పొద్దుటి ‘ఏ’ షిఫ్టు వారంలో మధ్యాహ్నం రెండుకు దిగుతారు, కాసేపు పడుకుని లేచి సాయంత్రాలు అసైన్‌మెంట్లు రాయండి. మధ్యాహ్నం మొదలయ్యే ‘బీ’ షిఫ్టు వారంలో పొద్దున్నే తలకెక్కే సబ్జెక్టులు, ముఖ్యంగా లెక్కలున్నవి. రాత్రి ‘సీ’ షిఫ్టు వారంలో కొత్త పాఠం జోలికి పోవద్దు. బస్సులో కూర్చున్నాక పాత నోట్సు తిరగెయ్యడం వరకే. ఇంట్లో కుదరనివాళ్లకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఉండనే ఉంది.

ఇగ్నోలో మార్కులు అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. రెండింట్లోనూ విడివిడిగా గట్టెక్కాలి. దేనికెన్ని మార్కులున్నా, అసైన్‌మెంటు ఇవ్వకపోతే ఆ సబ్జెక్టు పూర్తి కాదు. ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి, ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నెలలు గడిచినా వెబ్‌సైట్‌లో మార్కులు ఎక్కకపోతే చేతిలో ఉండే ఆధారం ఆ రసీదే.

దరఖాస్తు దగ్గర తగిలే ఇంటిపేరు చిక్కు

దూరవిద్యలో చేరడానికి ముందు డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దాంతో యూజీసీ వెబ్‌సైట్‌లో డీఈబీ ఐడీ (దూరవిద్య బ్యూరో ఇచ్చే నంబరు) తీసుకోవాలి. డీఈబీ ఐడీ ఒక మనిషికి జీవితకాలానికి ఒక్కటే. ఇవి నిమిషాల్లో అయ్యే పనులే, మన దగ్గర రోజులు పట్టడానికి కారణం ఇంటిపేరు.

పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా పేరు చివరికి చేరి ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఆధార్‌లో అత్తింటి పేరు, సర్టిఫికెట్లలో పుట్టింటి పేరు. ఏబీసీ ఐడీ ఆధార్ పేరుతో పుడుతుంది, విశ్వవిద్యాలయం పదో తరగతి పేరు అడుగుతుంది. రెండూ పొసగక దరఖాస్తు వెనక్కొస్తుంది. ఆఖరి తేదీ ముంచుకొచ్చాక ఆధార్ మార్పుకు పరిగెత్తడం కంటే, చేరాలనుకున్న సెషన్‌కు రెండు నెలల ముందే ఆధార్‌ను పదో తరగతి పేరుకు సరిగ్గా అక్షరం అక్షరం కలపండి. ఖాళీలు, చుక్కలు కూడా చూసుకోండి. ఆ తర్వాతే ఐడీలు తీసుకోండి, ముందు తీసుకుని తర్వాత సరిచేద్దామంటే పని రెండింతలు.

ఒరిజినల్ డిగ్రీ తీసుకోకుండా ప్రొవిజనల్‌తోనే పదేళ్లు గడిపేసినవాళ్లు దాని పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రభుత్వ ఉద్యోగులు చదువుకు ముందస్తు అనుమతి కాగితం తీసుకుని ఫైల్లో పెట్టుకోవాలి. లేదంటే డిగ్రీ వచ్చాక సర్వీసు రిజిస్టరులో ఎక్కించేటప్పుడు పేచీ వస్తుంది.

ఇంత డబ్బు, శ్రమ పెట్టేముందు మీకు ఈ చదువు పడుతుందో లేదో తేల్చుకోవాలంటే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో 8 వారాల కోర్సు ఒకటి చేసి చూడండి. పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తే 1,000 రూపాయలు. ఎనిమిది అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఆరింటినే లెక్కిస్తారు. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 వస్తే సర్టిఫికెట్. ఎనిమిది వారాలూ వరసగా కూర్చోగలిగారా లేదా అన్నదే అసలు పరీక్ష.

హెచ్ఆర్ పుస్తకాల్లో వెనకబడ్డ భాగం

మీ చేతికొచ్చే పుస్తకాలు ఫ్యాక్టరీల చట్టం 1948, పారిశ్రామిక వివాదాల చట్టం 1947 చుట్టూ తిరుగుతుండొచ్చు. 29 కార్మిక చట్టాలను నాలుగు కోడ్‌లుగా కలిపి 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు. పాత చట్టంలో 500 మంది కార్మికులుంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలి, కొత్త కోడ్‌లో అది 250. పరవాడ, అచ్యుతాపురం, దువ్వాడ లాంటి చోట్ల మధ్యరకం యూనిట్లకు ఇది పెద్ద మార్పే. పరీక్షలో సిలబస్ ప్రకారం రాయండి, ఇంటర్వ్యూకి మాత్రం కోడ్‌లు చదువుకుని వెళ్లండి.

ఇంటర్వ్యూలో సిద్ధాంతాలు అడిగేవాళ్లు తక్కువ. కాగితం ముందుకు తోసి ‘జీతం లెక్క కట్టండి’ అంటారు. ఉదాహరణకు మొత్తం జీతం 20,000, అందులో బేసిక్, డీఏ కలిపి 12,000. పీఎఫ్ 12 శాతం, ఈ 12,000 మీద 1,440. ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమాకు ఉద్యోగి వాటా 0.75 శాతం, పాత చట్టం లెక్కన మొత్తం 20,000 మీద 150. జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ ఉండదు. వృత్తి పన్ను ఏపీలో 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. కాబట్టి ఇక్కడ 150. చేతికొచ్చేది 18,260. కంపెనీ తన వైపు నుంచి ఈఎస్‌ఐకి 3.25 శాతం, అంటే 650 కడుతుంది. పీఎఫ్‌కు మళ్లీ 1,440 కడుతుంది, దాన్ని అలాగే ఖాతాలో వెయ్యరు. 8.33 శాతం, అంటే 1,000 పింఛను నిధికి పోతుంది, మిగిలిన 440 ఖాతాకు. కొత్తవాళ్లు తప్పు చేసేది రెండు చోట్ల: పీఎఫ్‌ను మొత్తం జీతం మీద కట్టడం, పాత లెక్కలో ఈఎస్‌ఐని బేసిక్ మీద కట్టడం. ఇంకోటి, కొత్త కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినంత మేర ‘వేతనం’ కిందకే వస్తుంది. పై లెక్కలో బేసిక్, డీఏ 60 శాతం ఉంది కనుక ఆ చిక్కు లేదు. మీ సొంత పే స్లిప్పుతో ఇదే లెక్క వేసి పైసాకు పైసా కలిసేదాకా చూడండి.

10 మంది, ఆపైన ఉన్న ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలన్న 2013 చట్టం కూడా పూర్తిగా చదవండి. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే వస్త్ర పరిశ్రమలో హెచ్ఆర్‌కి వెళితే మొదటి నెలలోనే అవసరం పడొచ్చు.

వినడం నేర్చుకునే పద్ధతి

ఈ భాగం కౌన్సెలింగ్ వాళ్లకే కాదు, మనుషులతో పని ఉన్న హెచ్ఆర్ వాళ్లకూ కావాలి. పుస్తకం చదివితే రాదు. ముగ్గురు కూడండి. ఒకరు నిజంగా తమకున్న చిన్న ఇబ్బంది చెప్పాలి, ఒకరు వినాలి, మూడో మనిషి నోరు మెదపకుండా గమనించాలి. పది నిమిషాలు, తర్వాత చోట్లు మార్చుకోవాలి. అందరూ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసి, విన్నవాళ్ల మాటలు ఉన్నవున్నట్టు కాగితం మీద రాయండి. ప్రతి వాక్యం పక్కనా ఒక గుర్తు: ప్రశ్న, సలహా, ఓదార్పు, తిరిగి చెప్పడం.

మొదటి రికార్డింగులో సలహాలే నిండి ఉంటాయి. మన దగ్గర పెద్దరికం అంటే సలహా ఇవ్వడమే కదా. పైగా ఎదుటివాళ్లు కూడా ‘ఏం చెయ్యమంటారు మేడం?’ అని అడిగేస్తారు. ఒక ఇంటర్ పిల్ల ఇలా అందనుకోండి: “మా నాన్న అప్పు చేసి పంపించాడు మేడం. నాకేమో ఫిజిక్స్ బుర్రకెక్కట్లేదు.”

“ఏం పర్లేదమ్మా, కష్టపడితే అదే వచ్చేస్తుంది” అంటే సంభాషణ అక్కడితో సరి. “ఎందుకు ఎక్కట్లేదు?” అంటే ఆ పిల్ల చెవికి అది మందలింపు. “నాన్న పెట్టిన ఖర్చు ఒకపక్క, ఎక్కని పాఠం ఒకపక్క. రెంటి మధ్యా నలిగిపోతున్నట్టున్నావు” అని ఆగితే, కాసేపటికి ఆ పిల్లే నోరు విప్పుతుంది. ఆ ‘కాసేపు’ భరించడమే కష్టం. గడియారం పెట్టుకుని ఐదు సెకన్లు మౌనంగా ఉండటం విడిగా అలవాటు చెయ్యండి. ‘ఎందుకు’ను ‘ఏమైంది’, ‘ఎలా ఉంటోంది’గా మార్చి మాట్లాడటం కూడా. నువ్వా, మీరా అన్నది మొదటి రెండు మాటల్లోనే తేల్చుకోండి, మధ్యలో మారిస్తే ఎదుటివాళ్లు ముడుచుకుంటారు. వయసులో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకుండా ‘అమ్మా’, ‘అయ్యా’ అంటే చాలు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు ‘ఏటి చెప్పమంటారు’ అంటే దాన్ని పుస్తకభాషలోకి దిద్దకండి, వాళ్ల మాటలనే వాళ్లకు తిరిగి చెప్పండి.

ఈ సాధన చిన్న ఇబ్బందుల మీదే చెయ్యాలి. ఎవరైనా చావు మాట ఎత్తితే అది సాధన కాదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ కలిపి ఇవ్వాలి. చిన్నపిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిస్తే, మీరు శిక్షణలో ఉన్నా, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజెయ్యాల్సిందే. ‘ఎవరికీ చెప్పను’ అని ముందే మాటిచ్చేస్తే ఇక్కడ ఇరుక్కుంటారు. అందుకే మొదటి రోజే, ప్రాణానికీ పిల్లల భద్రతకూ సంబంధించినవి తప్ప మిగతావన్నీ మన మధ్యే ఉంటాయని చెప్పండి.

ఫీల్డ్ వర్క్, ఇంటర్న్‌షిప్ మొదలైన రోజు నుంచీ కుట్టిన నోటుబుక్కు ఒకటి పెట్టండి, విడి కాగితాలు వద్దు. తేదీ, సంస్థ, వెళ్లిన వేళ, వచ్చిన వేళ, ఎవరిని చూశారో పేరు లేకుండా వయసు, సమస్య రకం మాత్రమే, చివర సూపర్‌వైజర్ సంతకం. ఆ సంతకం ఆ వారమే పెట్టించుకోండి. మూడు నెలలవి ఒకేసారి పట్టుకెళితే ఆ సూపర్‌వైజర్ అప్పటికి బదిలీ మీద వెళ్లిపోయి ఉండొచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు తాము చూడని గంటలకు సంతకం పెట్టరు. పెట్టకూడదు కూడా.